మూత తీయని సీసా

"దీనికి కోరికంటూ లేదు బాబాయ్," అన్నాడు ముందు సీట్లోని సోవెత్‌బెక్, నీళ్ళ సీసా ఎత్తి గటగటా తాగుతూ. "మూడేళ్ళు కాపురం చేశా. ఉత్త మంచుగడ్డ. పుట్టింట్లో దింపేసి ఇంకోదాన్ని తెచ్చుకుంటా."

బిష్కెక్ నుంచి ఓష్‌కి నా టాక్సీలో వెళ్తున్నాం. వెనక సీట్లో అతని భార్య జిపారా; ఓష్‌లోనే ఆమె పుట్టిల్లు. ఆమె ఒళ్ళో మూత తీయని సీసా.

"చూడు, పొద్దుటి నుంచి నీళ్ళు కూడా ముట్టలేదు. ఆడదానికి దేనికీ దప్పికుండదు."



కనుమ మీద కారాపమన్నాడు. రోడ్డు పక్కనే, వచ్చేపోయే బళ్ళకేసి తిరిగి నిలబడి పని కానిచ్చాడు. సీసాలో మిగిలిన నీళ్ళు చేతుల మీద ఒలకబోసుకున్నాడు.

జిపారా పెదాలు ఎండి పగిలాయి. "తాగు తల్లీ," అన్నాను.

"తాగితే ఎక్కడికి పోను బాబాయ్? ఒక చెట్టు లేదు, చాటు లేదు."

నా భార్య బతికుంటే వాణ్ణి అక్కడే వదిలేయించేది. నేను కనుమ దిగాక, గుర్రం పాలు అమ్మే ఓ ముసలమ్మ గుడారం దగ్గర కారాపాను. ముసలమ్మ జిపారా మొహం చూసి, ఏమీ అడక్కుండా గుడారం వెనక చాటుకి తీసుకెళ్ళింది.

జిపారా తిరిగొచ్చి మూత తిప్పి తాగడం మొదలుపెట్టింది. నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నా ఆగలేదు.

"నాకో గుక్క ఉంచవే," అన్నాడు సోవెత్‌బెక్.

చివరి చుక్క దాకా తాగి, ఖాళీ సీసా అతని ఒళ్ళో పడేసింది.

"తొందరగా పోనియ్ బాబాయ్," అంది. "మా ఇంటికెళ్ళాలని ఉంది."