మూడో వరసలో ఖాళీ సీటు

"చెవిలో పెట్టుకోండమ్మా. లేకపోతే కింద ఏం మాట్లాడుతున్నారో వినపడదు," అంటూ గార్డు ఇయర్‌ఫోన్ చేతికిచ్చాడు.

"కరెంటు కొట్టదు కదా నాయనా?"

"ఇన్నేళ్లలో ఎవరికీ కొట్టలేదమ్మా."

"మొదటిదాన్ని నేనే అవుతానేమో," అని ఆమె దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పక్కన పెట్టేసింది.

పార్లమెంటు సందర్శకుల గ్యాలరీలో ముందు వరస అది. గేటు దగ్గర ఫ్లాస్కు లాక్కున్నారు, గొడుగు లాక్కున్నారు, కూతురి కోసం తెచ్చిన దగ్గు బిళ్ళలు కూడా వదల్లేదు. చేతిలో మిగిలింది పాసొక్కటే. దాని మీద ఆమె పేరు, పిలిపించిన సభ్యురాలి పేరు, పక్కన 'తల్లి' అనే మాట ఉన్నాయి.

ఆమె వింతలు చూడ్డానికి రాలేదు. పోయిన ఆదివారం కూతురితో పెద్ద వాదనే జరిగింది.

"ఈ గోల నీకెందుకే బుల్లీ? హాయిగా కోర్టుకి పోయి నీ కేసులు నువ్వు చూసుకో. అక్కడైతే ఒక్క జడ్జే అరుస్తాడు. ఇక్కడ వందలమంది అరుస్తారు. నిన్నెవరు లెక్కచేస్తారే?"

"ఒక్కరోజు వచ్చి నీ కళ్లతో చూడమ్మా. చూశాక కూడా మానెయ్యమంటే, వచ్చే ఎన్నికల్లో నిలబడను. ఒట్టు."

"మాట మీద ఉంటావా?"

"ఉంటాను. కానీ అక్కడ లేవకూడదు, అరవకూడదు, చెయ్యి ఊపకూడదు. ఊపితే బయటికి పంపేస్తారు."

"ఎంపీ తల్లినైనా?"

"ప్రధానమంత్రి తల్లినైనా."

రూలంటే బుల్లికి అంత పిచ్చి. సొంత మేనమామ ప్రహరీ గోడ అడుగున్నర రోడ్డు మీదికొచ్చిందని ఆయనకే నోటీసిచ్చిన ఘనురాలు. పదిహేనేళ్లు నల్లకోటు వేసుకుంది. ఆ పదిహేనేళ్లూ అమ్మకి కంటి మీద కునుకు లేదు. ఓడిపోయినవాళ్లు దారికాస్తారేమోనని ఒక భయం, ఎండలో ఆ కోటుకి వడదెబ్బ తగులుతుందేమోనని ఇంకో భయం. మూతబడ్డ బట్టల మిల్లు కేసు పదకొండేళ్లు వాదించి గెలిచేసరికి, ఆ కార్మికులే పట్టుబట్టి ఎన్నికల్లో నిలబెట్టి ఇక్కడికి పంపారు. దాంతో పాత భయాలన్నీ రిటైరైపోయి కొత్త భయాలు డ్యూటీలో చేరాయి.

కింద మూడో వరస చివర బుల్లి కూర్చుని ఏదో రాసుకుంటోంది. చిక్కిపోయిందనిపించింది అమ్మకి. పక్కనే ఇయర్‌ఫోన్ బిగించుకుని కూర్చున్న రిటైర్డు మాస్టారిని గోకింది.

"సభాపతి ఏరండీ? కనపడరేం?"

"సరిగ్గా మన కిందే ఉన్నారమ్మా. ఈ గ్యాలరీ ఆ కుర్చీ నెత్తిమీదుంది. వంగితేగానీ కనపడదు, వంగనివ్వరు."

"పొద్దుణ్ణించీ సాయంత్రందాకా ఒక్కరే కూర్చోవాలా పాపం? నడుం పట్టెయ్యదూ?"

"వంతులుంటాయి లెండి."

ముక్కూ మొహం తెలియని ఆ నడుం సంగతి తేలాక ఆమె మనసు కాస్త కుదుటపడింది. అంతలో పాసు జారి కుర్చీ కిందకి పోయింది. పాసు లేకపోతే జైల్లో వేస్తారేమోనని, ఒంగి, వెతికి, మాస్టారి బూటు కింద నుంచి దాన్ని పీక్కుని తలెత్తేసరికి, మూడో వరసలో చివరి సీటు ఖాళీగా ఉంది.

కాగితాలున్నాయి. పెన్నుంది. బుల్లి లేదు.

"మాస్టారూ, మా అమ్మాయి ఏదండీ?"

"ష్. చర్చ మంచి పట్టులో ఉంది," అన్నాడాయన కళ్లు మూసుకునే.

కళ్లు తిరిగి బల్ల కింద పడిపోయిందేమో. పొద్దున సరిగ్గా తిననేలేదు. లేక ఎవరైనా బెదిరించి తీసుకుపోయారా? ఇలా అనుకుంటుండగానే కింద గొడవ లేచింది. ఒక మీసాలాయన, ఒక బట్టతలాయన ముందుకి ఉరికారు. వేళ్లు చూపించుకున్నారు. కాగితాలు ఎగిరాయి. అయిపోయింది, ఇక్కడ ఎవరో ఒకరు పోతారు అనుకుంది.

గంట మోగింది. కుర్చీ వైపు నుంచి ఏవో నాలుగు మాటలు వచ్చినట్టున్నాయి. మీసాలాయన ఎత్తిన వేలు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఆ వేలు మెల్లగా మడిచి, తల వంచుకుని వెనక్కి నడిచాడు. ఆయన వెనకే బట్టతలాయన. క్షణంలో హాలంతా గప్‌చుప్.

'ఎవరో గానీ గట్టివాడే ఆ కుర్చీలో ఆయన! ఇలాంటివాడు పైనుండి చూసుకుంటే నా బుల్లికి ఏ భయమూ లేదు. పోనీ, ఇంకోసారి నిలబడనిద్దాం,' అనుకుంది మొదటిసారిగా.

అవును గానీ, బుల్లి ఏది?

పది నిమిషాలు ఉగ్గబట్టుకుంది. పదకొండో నిమిషంలో లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ, "బుల్లీ! ఎక్కడున్నావే తల్లీ? ఒక్కసారి కనపడవే!" అని కేకేసింది.

సభ మొత్తం తలెత్తి చూసింది. మీసాలాయన పక్కున నవ్వాడు. గంట మళ్లీ మోగింది. నిమిషం తిరక్కుండా గార్డు చీటీ పట్టుకుని వచ్చాడు.

"పదండమ్మా. కుర్చీ నుంచి ఆర్డరొచ్చింది."

"ఎంపీ తల్లిని నాయనా!"

"రూలు అందరికీ ఒకటేనమ్మా."

వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. నంబరు రాసుకోవడానికి పాసు తీసుకుని చదివాడు. రాస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ముందు మా అమ్మాయి సంగతి చెప్పు. ఆసుపత్రికి తీసుకెళ్లారా?"

"అయ్యో, ఆవిడకేమమ్మా! లోపలే ఉన్నారు, నిక్షేపంగా."

దడ తగ్గగానే కోపం పొంగింది ఆమెకి. "చూశావా మరి ఆ కుర్చీలో ఆయన నిర్వాకం! పిల్ల కనపడక నేను అల్లాడిపోతుంటే, పెద్దదాన్నని కూడా చూడకుండా గెంటించేస్తాడా? ఆ మనిషికి మాత్రం తల్లి లేదా?"

గార్డు పాసు మీది పేర్లు ఇంకోసారి చదివి, నవ్వు ఆపుకుంటూ గొంతు తగ్గించాడు.

"ఉన్నారమ్మా, ఆవిణ్ణే ఇప్పుడు బయటికి పంపించారు."