కొండెక్కని గుండు

“అక్కడే ఆగు! గుమ్మం దాటేవంటే ఊరుకోను!”

దేముడమ్మ అరుపుకి కాలిన రోగుల వార్డంతా ఇటు తిరిగింది.

గుమ్మంలో ఉన్న పోతమ్మ వెనకడుగు వేసింది. జాలరిపేట మనిషి, నడివయసు. తల మీంచి జారిన కొంగు గబుక్కున సర్దుకుంది గానీ, నున్నటి గుండు అప్పటికే అందరి కళ్ళా పడింది.

“పిల్లకెలాగుందో సూద్దావని వొచ్చేనమ్మా. డాక్టరుగోరు కూడా...”

“నా పిల్ల ఊసు నీకెందుకు?”

మంచం మీద ఆరేళ్ళ సీతాలు బోర్లా పడుకుని మూలుగుతోంది.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. దువ్వాడ దగ్గర కూలీల పాకలో తల్లి గంజి వారుస్తుంటే, ఈ పిల్ల ఆటగా కొంగు లాగింది. కుండ ఒరిగింది. పిల్ల పక్కకి తిరిగిందే గానీ తప్పించుకోలేకపోయింది పాపం. మెడ నుంచి నడుం దాకా ఉడుకు గంజి.

డాక్టర్ అచ్యుతరామయ్య మొదటిరోజే విడమర్చి చెప్పాడు.

“చర్మమంటే అందానికి కాదమ్మా. ఒంట్లో నీరు పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా కాపలా కాసేది అదే. ఒంటి వేడిని నిలిపేదీ అదే. పిల్ల కాస్త తేరుకుంటే దాని తొడ నుంచే పల్చటి పొర తీసి అతికిస్తాను. అప్పటిదాకా బతకాలంటే ఇంకొకరి చర్మం కప్పాలి. అది నిలవదు. ఊడిపోతుంది. మళ్ళీ కప్పాలి.”

తండ్రి వరహాలుకి పచ్చకామెర్లు. దేముడమ్మ నిండు చూలాలు, ఒంట్లో రక్తం లేదు. ఇద్దరూ పనికిరారన్నాడు డాక్టరు.

మేనమామ గవర్రాజు గుండెలు బాదుకుని మరీ ఏడ్చాడు. చర్మం తననే అడుగుతారని తెలిశాక టీ తాగొస్తానని వెళ్ళాడు. ఆ టీ ఇంకా అవలేదు.

మర్నాడు డాక్టరే వచ్చి “దొరికిందమ్మా” అన్నాడు. పిల్ల వీపంతా పల్చటి పొర కప్పారు. జ్వరం దిగింది.

రక్తం సీసాల్లో దాచినట్టు చర్మం కూడా ఆసుపత్రిలో ఎక్కడో దాస్తారు కాబోలు అనుకుంది దేముడమ్మ. డాక్టరుకి దండం పెట్టింది. ఎవరిదని అడగలేదు.

ఆ పొర అంచులు లేస్తున్న రోజుల్లో పోతమ్మ రావడం మొదలుపెట్టింది.

మొదటిసారి ఆ గుండు చూసి దేముడమ్మ సంబరపడింది కూడా.

“సింవాచలం నుంచొత్తన్నావా అమ్మా? అప్పన్న పెసాదం ఉంటే రవ్వంత నా పిల్ల నోట్లో ఎట్టు.”

“నాను కొండెక్కలేదమ్మా.”

“మరి గుండేటి?”

పోతమ్మ నవ్వి కొంగు తల మీదికి లాక్కుంది.

ఆమె వెళ్ళగానే పక్క మంచం ముసలమ్మ అందుకుంది. “దీని కొడుకు కూడా ఒళ్ళు కాలి, నీ పిల్ల పడుకున్న మంచం మీదే పోనాడు. కొండెక్కకుండా గుండంటే ఏటనుకున్నావు? బిడ్డ పోయిన ఏడుపే. దాని కళ్ళు నీ పిల్ల మీద పడ్డాయి.”

ఆ సాయంత్రమే సీతాలుకి జ్వరం తిరగబెట్టింది. ఇంకేం కావాలి?

ఇప్పుడు మళ్ళీ వచ్చింది. దేముడమ్మ కడుపు పట్టుకుని కష్టం మీద వంగి, పోతమ్మ కాళ్ళు చుట్టేసింది.

“నువ్వొచ్చినప్పుడల్లా నా పిల్లకి జొరం పెరుగుతంది! నీ కడుపుకోత నాకొద్దే తల్లీ! మళ్ళీ ఈ ఆసుపత్రి గడప తొక్కనని ఒట్టెయ్యి.”

“లెగమ్మా, నిండు మనిషివి. నాను సెప్పేది కూడా...”

“పోనాడే, ఆ కొడుకు మీద ఒట్టెయ్యి!”

పోతమ్మ మొహం పాలిపోయింది.

“నాను రాబట్టే జొరం వొత్తందంటావా?”

“అవును!”

“నిజవేనేటో. నా గుంటడూ నా సేతిలో నిలవలేదు.”

దేముడమ్మ అరచేతిలో చెయ్యి వేసింది. “నా కన్నబాబు మీదొట్టు. ఇంక రాను.”

వెళ్తూ మంచంకేసి చూడబోయింది. చూస్తే ఏమవుతుందోనని భయపడి కళ్ళు దించుకుని వెళ్ళిపోయింది.

దేముడమ్మ కళ్ళు తుడుచుకుని, పిల్లకి గుప్పెడు ఉప్పుతో దిష్టి తీసింది. పీడ విరగడైందనుకుంది.

కాసేపటికి డాక్టర్ వచ్చి కట్టు విప్పి చూశాడు.

“పాత పొర పూర్తిగా వదిలేసింది. ఈ పూటే కొత్తది కప్పాలి. రేపటిదాకా పిల్ల ఆగదు.”

“కప్పండి బాబూ! మీకాడ దాసిందుంది కదా!”

“నా దగ్గర ఎక్కడిదమ్మా? మనిషి ఇస్తేనే కదా.”

“ఎవులు బాబూ?”

“చెప్పొద్దంది. జాలరోళ్ళ తోలని తెలిస్తే వద్దంటారేమోనని ఆవిడ భయం. కొడుక్కి ఇద్దామనుకునేలోపే వాడు పోయాడు. నీ పిల్ల సంగతి తెలిసి తనే ముందుకొచ్చింది. మొదటిసారి తొడ నుంచి తీశాను. మళ్ళీ మళ్ళీ తియ్యాలంటే తలే నయమని నేనే చెప్పాను. అక్కడ వెంట్రుకల కుదుళ్ళు లోతుగా, ఒత్తుగా ఉంటాయి. పైపొర తీసినా ఆ కుదుళ్ళ నుంచి కొత్త చర్మం తొందరగా పుట్టుకొస్తుంది. చేపల తట్ట మోసే తల అది. వెంటనే గుండు చేయించేసుకుంది.”

దేముడమ్మ గుమ్మం వైపు పరిగెత్తబోయింది. నిండు కడుపు అడుగు పడనివ్వలేదు. మంచం కమ్మీ పట్టుకుని కూలబడింది.

డాక్టర్ ఆమె భుజం తట్టాడు.

“కంగారుపడకమ్మా. ఈ పూట వస్తానంది. ఒకసారి మాటిచ్చిందంటే పోతమ్మ తప్పే మనిషి కాదు.”