వడ్డించని గారె

తలలో చిప్పు లేని మనిషంటూ మిగలని రోజులవి. తుని బజారులో మెమరీ చూసే కొట్టు పారిజాతానిది. పొయ్యి కట్టెయ్యడం మరిచిపోతున్నాడని చిట్టెమ్మ తన భర్త లోవరాజును అక్కడికి వెంటబెట్టుకొచ్చింది.

పారిజాతం ఆయన చెవి వెనక తీగ తగిలించి, నల్లటి తెరమీద ఒక్క ముక్క టైపు చేసింది. మెమరీ తొంభై ఆరు శాతం నిండిపోయి ఉంది. ఏది ఎంత తింటోందని ఇంకో ముక్క కొట్టింది. అన్నిటికంటే పైన బావగారితో తగువు కనిపించింది. పెళ్లి పంక్తిలో బావగారు గారెలు వడ్డిస్తూ ఈయన విస్తరి దాటిపోయాడట. ఇరవయ్యేళ్లుగా ఆ వాదన లోపల ఆగకుండా నడుస్తూనే ఉంది.

"దీన్ని ఆపేద్దామా బాబాయిగారూ?"

"ఆపేస్తే, రేపు వాడు ఎదురుపడినప్పుడు ఏం అడగనమ్మా?" అన్నాడు లోవరాజు.

"ఆయన పోయి నాలుగేళ్లయిందండీ," అంది చిట్టెమ్మ. పారిజాతం వైపు తిరిగి, "ఎన్నిసార్లు చెప్పినా ఈయనకి నిలవట్లేదమ్మా" అంది.

నిలవడానికి చోటుంటే కదా.



"నాకు సమాధానం చెప్పకుండానే పోయాడా?" అన్నాడు లోవరాజు.

తెరమీద తగువు ఇంకాస్త పెరిగి, తొంభై ఆరు కాస్తా తొంభై ఏడయింది.