మొహంలో ఏమీ కనబడటం లేదు

“కట్!” అని కొడుకు అరిచిన అరుపుకు లైటు పట్టుకున్న మనిషి ఉలిక్కిపడ్డాడు. తల్లి మాత్రం చలించలేదు. ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా పిల్లల్ని హడలెత్తించిన మనిషి ఆవిడ.

“మళ్ళీ ‘రేపు’ మింగేశావు. ‘రేపు నీకిష్టమైంది వండుతాను.’ ఈ కాస్త ముక్కా గుర్తుండదా అమ్మా? ఎక్కాలు రాకపోతే నా తోలు వలిచేదానివి!”

“అరవకు. దగ్గొస్తుంది.”

“నా దగ్గు సంగతి వదిలెయ్. డైలాగు చూసుకో.”

అతను తీస్తున్నది ప్రపంచం అంతమైపోయే సినిమా. అలాగని వరదలు, మంటలు, కూలే మేడలు ఉండవు. ఒక వంటగది, ఒక బల్ల, ఇద్దరు మనుషులు. తెల్లారితే లోకం ఉండదని రేడియోలో విన్న తల్లి, ఆ సంగతి తెలియని కొడుక్కి అన్నం పెడుతుంది. అంతే కథ. కొడుకు వేషం డైరెక్టరే వేస్తున్నాడు.

తల్లి వేషానికి కుదుర్చుకున్న నటి, అతని నోటి దురుసు భరించలేక సగంలో ఓ దండం పెట్టి వెళ్ళిపోయింది. షూటింగుకని అద్దెకు తీసుకున్న ఈ ఇల్లు సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలి. ఆలోగా ఈ ఒక్క సీనూ పడకపోతే సినిమా అటకెక్కినట్టే.

అతని సినిమాలంటే తల్లికి మొదట్నుంచీ మంట. “గోడకేసి చూస్తూ కూర్చోడానికి టికెట్టెందుకురా, మనింట్లో గోడల్లేవా?” అనేది. నటించమని కిందటేడు బతిమాలితే మొహం మీదే తలుపేసింది. అలాంటిది నిన్న తనంతట తనే వచ్చి, “నేను చేస్తా. తొందరగా ముగించు” అంది. అమ్మ తన మీద జాలిపడిందనుకున్నాడు. దాంతో అతనికి ఇంకా ఒళ్ళు మండింది.

“ఇది హాళ్ళలోకి ఎప్పుడొస్తుంది?” అని కెమెరామన్‌ని అడిగింది.

“ఎంత లేదన్నా వచ్చే ఏడాదే టీచరమ్మా.”

“అంతకాలం ఏం చేస్తారయ్యా? కాస్త చేతులు కదపండి!” అని కసిరింది.

మళ్ళీ తీశారు. “నీకిష్టమైంది వండుతాను” అంది. మళ్ళీ తీశారు. మళ్ళీ అదే. కొడుకు చెంచా విసిరికొట్టాడు.

“మాట పోతే పోయింది, మొహంలోనైనా ఉండాలిగా! నీకంతా తెలుసు. నాకు తెలియకూడదు. కడుపులో నిప్పులు పెట్టుకుని వడ్డిస్తున్నావు. నీ వాలకం చూస్తే పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టుంది. మొహంలో ఏమీ కనబడటం లేదు!”

“దాచేదాని మొహంలో కనబడితే అది దాచడం ఎలా అవుతుందిరా?”

“నాకు సినిమా నేర్పకు.”

“నేర్చుకునే అలవాటు నీకెప్పుడేడిసింది గనక?”

చుట్టూ ఉన్నవాళ్ళు నేల చూపులు చూశారు. కెమెరామన్ గొంతు సవరించుకుని, వెలుతురు పోతోందన్నాడు. ఇదే ఆఖరి టేకు.

కొడుకు బల్ల ముందు కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు. కోపం ఇంకా దిగలేదు. అన్నం ఎవరి మీదో కక్ష తీర్చుకుంటున్నట్టు కలుపుతున్నాడు.

“రేపు...” అంది తల్లి. ఆగిపోయింది. కొడుకు కంచంలో ఇంకో గరిటెడు వడ్డించింది. “రేపు నీకిష్టమైంది వండుతాను.”

గొంతు మామూలుగానే ఉంది. అతని కాలరు మీద పడ్డ మెతుకు తీసేసి, అటు తిరిగి కుళాయి కింద గిన్నె పెట్టింది.

“కట్” అని ఈసారి కెమెరామనే మెల్లగా అన్నాడు.

కొడుకు వచ్చి తీసినదంతా తెర మీద చూసుకున్నాడు. పెదవి విరిచాడు.

“కొయ్యబొమ్మ నయం. సరే, మాటైతే పడింది. సినిమా గట్టెక్కింది” అని తల్లి వైపు తిరిగాడు. “అయినా ఒక్క మాట అడుగుతా. కన్నకొడుకు చచ్చిపోతాడని తెలిసి కూడా ఏ తల్లైనా ఇంత బండగా ఉంటుందా అమ్మా?”

ఆవిడ తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

మీ అబ్బాయికి ఇంక ఎంతో కాలం లేదు, సంగతి అతనికి మీరే నెమ్మదిగా చెప్పండి అని డాక్టరు ఆవిడతో అని అప్పటికి వారమైంది.