బంగారయ్య పచ్చటి గూడు

వాగు గట్టున పక్కపక్కనే రెండు ఈతచెట్లు ఉండేవి. ఒకదాని మీద బంగారయ్య, రెండోదాని మీద పోలయ్య గూళ్లు అల్లేవారు. ఇద్దరూ గిజిగాళ్లే. గూడు నచ్చితేనే ఆడపిట్ట కాపురానికొస్తుంది.

ఆ ఏడు వచ్చిన పిట్టలన్నీ పోలయ్య గూళ్లలోనే దిగాయి. "ఒక్కో ఆకు నుంచి ఒక్క పోగే చీల్చానమ్మా. చెట్టు ఎప్పట్లాగే ఉంది, చూసుకోండి," అని పోలయ్య వచ్చిన ప్రతి పిట్టకీ చెప్పేవాడు.

అది విన్నప్పుడల్లా బంగారయ్యకు కడుపు మండిపోయేది.

"నాదీ ఈతాకే, వాడిదీ ఈతాకే. వాడు అల్లేది తక్కువ, చెప్పుకునేది ఎక్కువ. పచ్చదనమంటే ఏమిటో నేను చూపిస్తాను."

పొద్దస్తమానం కూర్చుని తన చెట్టు ఆకులన్నీ చీల్చాడు. గూటి చుట్టూ పచ్చటి కుచ్చులు వేలాడదీశాడు. "ఇంత పచ్చటి గూడు ఈ వాగు పొడుగునా లేదు," అని చాటుకున్నాడు.

మర్నాడు ఒక ఆడపిట్ట ఆ కుచ్చులు చూసి ముచ్చటపడి లోపలికి దూరింది. ఎండెక్కేసరికి రొప్పుకుంటూ బయటికొచ్చింది.

"లోపల ఉడికిపోతున్నాను బాబూ. పైన ఆకులేవీ?"

"అన్నీ గూటికే కట్టానుగా," అన్నాడు బంగారయ్య గర్వంగా.

పిట్ట తలెత్తి చూసింది. చెట్టుకు ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. వెంటనే పోలయ్య చెట్టు మీదికి ఎగిరిపోయింది.

బంగారయ్య మండే ఎండలో కూర్చుని అటే చూశాడు. అక్కడ పచ్చటి మట్టలు గూళ్ల మీద మెల్లగా ఊగుతున్నాయి.

"అదృష్టమంటే వాడిది," అనుకున్నాడు కుళ్లుకుంటూ. "చివరికి నీడ కూడా వాడి గూటి మీదే పడుతోంది."