రెండు ప్రోగ్రాములు

"మమ్మీ, ఇక నా వల్ల కాదు. రీస్టార్ట్ కర్ రహీ హూ," అంటూ సాత్విక సీపీయూ బటన్ మీద వేలు పెట్టింది.

వంటింట్లోంచి అరుంధతి పరుగున వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "ముట్టుకున్నావంటే ఊరుకోను. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"కల్ ప్రాజెక్ట్ సబ్మిట్ కర్నా హై మమ్మీ, రేపే. మౌస్ కూడా కదలట్లేదు. ఉన్న ర్యామే అంతంత మాత్రం, సగం పాపా అకౌంటే తినేస్తోంది. వర్చువల్ మెమరీ పెంచి చూశా, ఏం ఫాయిదా లేదు."

"లేకపోతే లేదు. మీ నాన్న అకౌంట్ ఆపడానికి వీల్లేదు."

సాత్విక గొణుక్కుంటూ ఏవో మీటలు నొక్కింది. ఎట్టకేలకు తెర మీదికి అకౌంట్లున్న ముగ్గురి పేర్లూ వచ్చాయి. అరుంధతి, సాత్విక, మనోహర్. మనోహర్ పేరు కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు ప్రోగ్రాములు నడుస్తున్నాయని ఉంది.

ఆ చిన్న అక్షరాల్లోనే అరుంధతి ప్రాణమంతా ఉంది. ఆఖరి రోజు పొద్దున మనోహర్ ఏదో పని చేసుకుంటూ, "సాయంత్రం వచ్చి పూర్తి చేస్తా, ఆపకండి," అని లేచి ఆఫీసుకి వెళ్ళాడు. సాయంత్రం ఆఫీసు వాళ్ళు అతన్ని అంబులెన్సులో తీసుకొచ్చి దించారు. అతను ఏం తెరిచిపెట్టాడో ఎవరికీ తెలియదు. పాస్‌వర్డూ తెలియదు. అరుంధతి తన పేరు కొట్టి చూసింది, కూతురి పేరు కొట్టి చూసింది, పెళ్ళిరోజు కొట్టి చూసింది. దేనికీ తెరుచుకోలేదు. తెరుచుకోకపోతే మానె, ఆ అక్షరాలు ఉన్నంత కాలం ఆయన పని మధ్యలో లేచి వెళ్ళిన మనిషే. ఇదంతా చాదస్తమని ఆమెకీ తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు వింటుందా?

ఉత్తరాదిన ఈ వైశాలి కాలనీలో కరెంటు సంగతి వేరే చెప్పాలా? అందుకే కంప్యూటర్‌కి పెద్ద యూపీఎస్ పెట్టించింది. బడిలో పాఠం చెబుతున్నా ధ్యాసంతా దాని మీదే. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా తెర ముందుకి వెళ్ళేది.

"కరెంటు పోలేదు కదా, మామయ్యగారూ?"

"పోయిందమ్మా. నీ డబ్బా గట్టిదే, తట్టుకుంది," అనేవాడు నాగభూషణం పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆ తల ఎత్తకపోవడమే అరుంధతికి ఒళ్ళు మండించేది. కన్నకొడుకు పోతే కంటతడి పెట్టని మనిషి. ఒకప్పుడు కొడుకు పక్కన కుర్చీ వేసుకుని కంప్యూటర్లో పేకాట నేర్చుకున్నవాడు, ఇప్పుడు అటు కన్నెత్తి కూడా చూడడు. గుండె స్థానంలో బండరాయి ఉందేమో అనుకునేది.

"తాతయ్యా, మీరైనా చెప్పండి మమ్మీకి," అంది సాత్విక.

"మీ తల్లీకూతుళ్ళ మధ్యకి నన్ను లాగకండి," అన్నాడాయన బాల్కనీలోంచి.

అంతలో ఫ్యాను ఆగింది. యూపీఎస్ కీచుకీచుమని కూయడం మొదలుపెట్టింది. ఇదివరకటిలా నింపాదిగా కాదు, ఊపిరాడనట్టు గబగబా.

"బ్యాటరీ అయిపోవచ్చింది మమ్మీ."

"గౌరి ఆంటీ ఇన్వర్టర్ నుంచి వైరు లాగుదాం, పద," అంటూ అరుంధతి తలుపు తీసి పరుగెత్తింది. పక్క ఫ్లాటుకి తాళం వేసి ఉంది. వెనక్కి వచ్చేసరికి ఇంట్లో ఏ చప్పుడూ లేదు. తెర నల్లగా ఉంది.

అరుంధతి ఉన్నచోటే కూలబడింది. ఆనాడు శవం దగ్గర కూడా అంతగా ఏడవలేదు. "ఇప్పుడు పోయారే మీ నాన్న. ఇప్పుడు నిజంగా పోయారు."

"నేనేం చెయ్యలేదు మమ్మీ, సచ్చీ," అంది సాత్విక. ఆ పిల్లకీ ఏడుపు ఆగలేదు.

కాసేపటికి కరెంటు వచ్చింది. సాత్విక భయం భయంగా బటన్ నొక్కింది. ముగ్గురి పేర్లూ వచ్చాయి. మనోహర్ పేరు కింద ఏమీ లేదు. అరుంధతి అది చూడలేక పడగ్గదిలోకి వెళ్ళిపోయింది. వెనకే సాత్విక మంచినీళ్ళు పట్టుకెళ్ళింది.

ముఖం కడుక్కుందామని అరుంధతి బయటికి వచ్చేసరికి, కంప్యూటర్ ముందు మామగారు కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. ఆఖరి మీట నొక్కగానే మనోహర్ అకౌంట్ తెరుచుకుంది.

ఆయన మౌస్ నొక్కి ఏవో రెండు తెరిచాడు. "మామయ్యగారూ, మీకు పాస్‌వర్డ్ తెలుసా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మీ అత్తగారి పేరేనమ్మా. కమల."

అరుంధతి అన్ని పేర్లు కొట్టి చూసింది గానీ, పోయిన తల్లి పేరు పెట్టుకుని ఉంటాడని తట్టనే లేదు. ముందుకొచ్చి తెర చూసింది. ఒక పక్క కాలిక్యులేటర్, ఇంకో పక్క పేకాట.

"ఆయన ఆ రోజు తెరిచిపెట్టింది ఇవేనా?"

నాగభూషణం కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు ఆమె చూడటం అదే మొదటిసారి.

"వాడు తెరిచినవి పెద్దకర్మ కాకముందే పోయాయమ్మా. నువ్వు తట్టుకోలేవని, కరెంటు పోయినప్పుడల్లా నువ్వు బడి నుంచి వచ్చేలోగా, నాకు తెరవడం వచ్చిన ఈ రెండూ తెరిచిపెడుతున్నా."