తొమ్మిదో శుక్రవారం కర్రీ

"అడుగంటిన వాసన వస్తోంది," అన్నాడు ఇంజినీరు ఉరకావ, చెంచా పక్కన పెడుతూ.

వంటవాడు సకొదా ముఖం మాడిపోయింది. ఇది తొమ్మిదో శుక్రవారం, తొమ్మిదో కర్రీ.

వాళ్ల నౌకాదళంలో శుక్రవారం మధ్యాహ్నం కర్రీ అన్నం తప్పదు. ఏ ఓడ రుచి ఆ ఓడదే. ఇసోరా రేవు కార్ఖానాలో తయారైన ఈ కొత్త ఫ్రిగేట్ యుద్ధనౌకకూ సొంత రుచి ఒకటి ఖాయం కావాలి. అది తేలేదాకా ఓడను స్వీకరించే కాగితం మీద ముద్ర వెయ్యనని కెప్టెన్ కుసకాబె భీష్మించుకు కూర్చున్నాడు. క్షిపణి గొట్టాల తనిఖీ ఒక్క పూటలో ముగిసింది. రాడార్‌కు రెండు రోజులు పట్టింది. కర్రీ దగ్గర మాత్రం బండి కదలడం లేదు.

ఓడ కట్టిన మనిషికి మర్యాదగా ఉంటుందని, రుచి తేల్చే పని ఉరకావకే అప్పగించాడు కెప్టెన్. అదే సకొదా కొంప ముంచింది. మొదటి వారం ఉప్పెక్కువన్నాడు. మరుసటి వారం బంగాళాదుంప ముక్కలు సమానంగా లేవని జేబులోంచి స్కేలు తీసి కొలిచాడు. ఆపిల్ వేస్తే తీపి, కాఫీ వేస్తే చేదు. ఇన్ని వంకలు పెట్టే మనిషి ప్రతిసారీ పళ్లెం మెతుకు మిగల్చకుండా ఖాళీ చేసేవాడు.

"మాడలేదండీ. పక్కనే నిలబడి కలిపాను," అన్నాడు సకొదా. "ఇదంతా ఈ కార్ఖానా క్యాంటీన్ పొయ్యి మహిమ. ఓడలో ఒక్కసారి వండనివ్వండి సర్."

"లోపల రంగు ఇంకా ఆరలేదు," అన్నాడు ఉరకావ.

"పెద్దాయనకు ఎదురు చెప్పకు," అన్నాడు కెప్టెన్. "వచ్చే శుక్రవారమే ఆఖరు. అప్పుడూ కుదరకపోతే నిన్ను ఒడ్డున గోదాముకి పంపించి, వేరేవాణ్ణి తెప్పిస్తా."

కెప్టెన్ వెళ్లిపోయాడు. పదకొండేళ్లు ఒడ్డునే గరిటె తిప్పాక, సకొదాకు ఓడెక్కే అవకాశం ఇప్పటికి వచ్చింది. తలుపు మూసి వచ్చి ఉరకావ ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంజినీరు గారూ, నా మీద మీకేమైనా కోపమా?"

"ఛ, అదేం మాట. నీ చేతి వంట తిన్నప్పటి నుంచి మా ఆవిడ వంట గొంతు దిగడం లేదు."

"మరెందుకండీ నా పొట్ట కొడుతున్నారు?"

"మెల్లగా మాట్లాడు."

"పోనీ, ఇంకెన్ని వారాలు ఇలా వంకలు పెడతారో అదన్నా చెప్పండి."

ఉరకావ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "ఆరు."

"ఆరా? లెక్క కట్టుకుని మరీ ఏడిపిస్తున్నారా నన్ను?"

"మావాళ్లు ఆదివారాలు కూడా వస్తే ఐదులో అయిపోవచ్చు."

"ఏమిటండీ అయిపోయేది?"

ఉరకావ లేచి నిలబడ్డాడు. తన కొడుకు వయసున్న ఆ వంటవాడి ముందు నడుం విరిగేలా వంగి, తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఓడలో వంటగది కట్టడం మర్చిపోయామయ్యా."